రెండు రాళ్ళ కింద

వాకిట్లో గోనెపట్టా పరుచుకుని నేత్రావతి మెంతికూర కట్టలు కడుతోంది. పిడికెడు కూర తీసి, మట్టి దులిపి, మొదళ్ళన్నీ ఒక వైపుకు సర్ది, తడి అరటినారతో రెండు చుట్లు చుట్టి పక్కన పెడుతోంది. చేతులు వాటంతట అవి చేసుకుపోయే పని అది. ఆమె చెవులు మాత్రం ఇంట్లో ఉన్నాయి.

"పార ఆ మూల నిలబెట్టుండాది, తీసుకోరా. ముందు నన్ను పూడ్చిపెట్టి, ఆనక ఆ రాళ్ళ దగ్గరికి పో," అంటోంది లోపల అత్త సొన్నమ్మ.

"ఖాళీ నేల తవ్వనీకి ఇంత రాద్ధాంతమేందమ్మా?" అన్నాడు ఓబులేష్.

"ఖాళీనో కాదో నీకేం తెలుసు?"

"నువ్వే కదా చెప్పినావు, ఉత్త రాళ్ళు నిలబెట్టినానని!"

ఓబులేష్ గడప దాటి వాకిట్లోకి వచ్చాడు. భార్య ముందు పేర్చి ఉన్న కట్టలను చూశాడు.

"చేనే పోతాంటే ఈ పొద్దు కూర ఎవురికే?"

"చేను పోతే మధ్యాహ్నం పోతాది. కూర పొద్దునే కోసేసినా. ఊరికే పెడితే వాడిపోతాది," అంది నేత్రావతి తల ఎత్తకుండా.

అతను నవ్వబోయాడు. నవ్వు మొహం దాకా వచ్చి ఆగిపోయింది.

సర్వే వాళ్ళు వచ్చి వెళ్ళినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. ఒకరు మాట మొదలుపెడితే రెండోవాళ్ళు లేచి పోతారు. అన్నం కంచాల్లో అట్లాగే ఆరిపోతోంది.

ఉన్నది ఇరవై గుంటల నేల. కాగితం లేని నేల. ఓబులేష్ ముత్తాత రాళ్ళు ఏరి, కంప కొట్టి, సాగులోకి తెచ్చిన సర్కారు భూమి. నాలుగు తరాలుగా ఆ మళ్ళలో కూర పండుతోంది. మెంతి, కొత్తిమీర, దంటు తోటకూర, పాలకూర. పొద్దున కోసి, దొడ్డబళ్ళాపురం రోడ్డు మీద ఆటో పట్టుకుని పోయి, అపార్టుమెంట్ల గేట్ల ముందు నేత్రావతి అమ్ముకొస్తుంది. ఇంటిల్లిపాదికీ అదే కూడు. చేనుకి మూడు వైపులా ఇప్పుడు మేడలు లేచాయి. పొద్దెక్కే దాకా వాటి నీడ మళ్ళ మీదే పడి ఉంటుంది.

ఇన్నేళ్ళకు, సాగులో ఉన్నవాళ్ళకే పట్టా ఇస్తామని కొలవడానికి వచ్చారు. వచ్చినవాళ్ళు మామ పిల్లప్ప సమాధి చూశారు. నిరుడు పక్షవాతంతో పోయిన మనిషిని చేనులోనే, గట్టు పక్కన మెరక మీద పూడ్చారు. దానికి అటొకటి ఇటొకటి, పసుపు పూసిన రెండు రాళ్ళు కూడా ఉన్నాయి. అవేమిటని అడిగారు. సొన్నమ్మ కొంగు సర్దుకుని ముందుకొచ్చి చెప్పింది. "మా పెద్దోళ్ళప్పా. మా మామ, ఆయన నాయన. మా వంశమంతా ఈడనే పండుకోనుండాది."

ఆ మాట కొంప ముంచింది.

"నిన్నెవురమ్మా వంశ చరిత్ర అడిగింది?" లోపల శశికళ గొంతు లేచింది. ఓబులేష్ అక్క ఆమె. దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాల ఇంట్లో కోడలు. ఆ రొదలో మాట్లాడీ మాట్లాడీ, నిశ్శబ్దంలో కూడా అరిచినట్టే మాట్లాడుతుంది. మొదటి బస్సుకే దిగింది. "తాతనీ ముత్తాతనీ ఊరి స్మశానంలో పూడ్చినారు. నాకే తెలుసు. నువ్వు మూడు సమాధులని చెప్పేస్తివి. వాళ్ళు ఇరవై గుంటలూ స్మశానమని రాసుకునేస్తిరి. నోరు మూసుకోనుంటే నీ సొమ్మేం పోతాండె?"

"పోయేటివన్నీ ఎప్పుడో పొయినాయిలే," అంది సొన్నమ్మ.

నేత్రావతి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అత్త ఆ మాట అన్న తీరు ఆమెకు కొత్తగా వినిపించింది. అందులో రోషం లేదు.

పొద్దున చీకటితో కూర కోయడానికి పోయినప్పుడు కూడా అత్త అక్కడే ఉంది. మంచులో, సమాధి పక్కన, మోకాళ్ళ మీద కూర్చుని. ఆ వేళప్పుడే గట్టు అవతల నీళ్ళ కాలవలో పార పడిన చప్పుడు వినిపించింది. ఒక మడికి నీళ్ళు కట్టేసి ఇంకో మడికి తిప్పేటప్పుడు తడి మన్ను తెగే చప్పుడు. మోటారు ఆపి ఉంది. కాలవలో నీళ్ళు లేవు. మామ పోయినప్పటి నుంచీ ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. అత్తకూ వినిపిస్తుందని నేత్రావతికి తెలుసు. ఇద్దరూ తలలు ఒకే దిక్కుకు తిప్పుతారు. ఇద్దరూ ఏమీ అనరు.

"సొన్నక్కా! ఉండావా?"

గురప్ప వచ్చాడు. పక్క చేను అతనిదే. పిల్లప్పకు జతగాడు. అరుగు మీద కూర్చుని, తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"రా చిన్నాయనా," అన్నాడు ఓబులేష్. "నీ పట్టా పని ఆయ్తు కదా. మా ఖర్మే ఇట్ల కాలింది."

"నేను నోరు తెరిస్తే కదప్పా. తెరిస్తే పళ్ళు లేవని తెలిసిపోతాదని మూసుకోనుంటి. అదే కాపాడింది." గురప్ప తానే నవ్వి, ఎవరూ నవ్వకపోవడంతో గొంతు సవరించుకున్నాడు. "ఇంగ ఇను. ఆ సర్వే ఆయప్ప కాళ్ళు పట్టుకోని మళ్ళా మాట్లాడినా. మధ్యాహ్నానికి వస్తాండారు. ఒక సమాధైతే ఫరవాలేదంట. ఇంటాయన్ని చేనులో పెట్టుకున్నారు అనుకుంటారంట. మూడుంటే అది స్మశానమే. స్మశానమంటే ఊరందరిదీ. దానికి కంచె ఏస్తారు గాని పట్టా ఇయ్యరు."

"రాళ్ళు పీకేస్తే?"

"పీకేస్తే సాలదప్పా. పీకి తవ్వాల. నలుగురు పెద్దమనుషుల ముందర, సర్వే ఆళ్ళ కండ్ల ముందర. కింద ఏమీ లేదని తేలితే, ముసలామె తెలీక చెప్పిందని రాసుకుంటారు. చేను నీదే." గురప్ప ఒక్కసారి లోపలికి చూసి గొంతు తగ్గించాడు. "కానీ, కింద ఒక బొమిక కనిపించినా నేనేమీ చేయలేను. చెప్తాండా."

"ఏమీ లేదులే చిన్నాయనా. ఆ మన్నులో ఏముంటాది?"

"అయితే బేగ కానీ. నేను ఈడనే ఉంటా."

ఓబులేష్ లోపలికి వెళ్ళాడు. నేత్రావతి అరటినార వదిలేసి, చేతులు చీర కుచ్చిళ్ళకు తుడుచుకుని, గడప దగ్గర నిలబడింది.

సొన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పార ఆమె వెనక, గోడ మూలన ఉంది. దాన్ని తీసుకోవాలంటే ఆమెను దాటాలి.

"లెయ్యమ్మా."

"లెయ్యను."

"అమ్మా, పట్టా రాకుంటే ఈ ఇల్లు కూడా ఉండదు. ఇదీ ఆ నేలలోదే. నన్ను సెక్యూరిటీ బట్టలేసుకోని గేటు దగ్గర కూర్చోమంటావా? నీ కోడల్ని ఆ గేటు లోపలికి పోయి గిన్నెలు తోమమంటావా? మా నాయన చచ్చేదాకా ఈ మన్నే పట్టుకోనుండె. అది పోయినాక నువ్వు ఏ సమాధికి దీపం పెడతావు?"

"పెట్టకుంటే పాయె. తవ్వేది మాత్రం కుదరదు."

"మొండిదానివి నువ్వు," అంది శశికళ. కానీ ఆ మాటలో పొద్దున్నుంచీ ఉన్న ఊపు లేదు. ఆమె తల్లి వైపు చూసింది. తర్వాత గడప వైపు చూసింది. నేత్రావతి కళ్ళు కలవగానే చూపు తిప్పుకుంది.

అక్కడే నేత్రావతికి ఏదో తెలిసినట్టయింది. ఏమిటో తెలియలేదు. ఇంట్లో అందరి చూపులూ తన దగ్గరికి వచ్చి జారిపోతున్నాయని మాత్రం తెలిసింది.

"నువ్వన్నా చెప్పవే," అన్నాడు ఓబులేష్ భార్యతో. "నీ మాటైతే ఇంటాది."

నేత్రావతి ముందుకు వచ్చి అత్త పక్కన కూర్చుంది. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఎవరికీ ఎదురు చెప్పినది కాదు. మెల్లగా అంది.

"తవ్వుకోనీ అత్తా. కింద ఎవురూ లేరు కదా."

సొన్నమ్మ చటుక్కున చెయ్యి ఎత్తి కోడలి నోటికి అడ్డం పెట్టింది.

"నువ్వు అనద్దు. ఎవురన్నా అననీ. నువ్వు మాత్రం ఆ మాట అనద్దు తల్లీ."

ఆ చెయ్యి పసుపు వాసన వేస్తోంది.

"నేనెందుకు అనకూడదు?"

బయట గురప్ప దగ్గాడు. రోడ్డు మీద కాంక్రీటు లారీ పోతుంటే రేకులు అదిరి ఆగాయి.

"నేనెందుకు అనకూడదు వదినా?" నేత్రావతి ఈసారి శశికళను అడిగింది.

శశికళ ఉన్నట్టుండి ఏడ్చేసింది. బయట గురప్పకు వినపడకూడదని తొలిసారి గొంతు తగ్గించింది. "ఇంగ ఎన్ని దినాలు దాస్తావమ్మా? నాకు చెప్పినావు, దానికీ చెప్పు. లేకుంటే నేనే చెప్తా. నీ పాప నేత్రా. నీ పాప ఆడనే ఉండాది."

నేత్రావతికి ముందు మాట అర్థమైంది. ఆ తర్వాత చాలాసేపటికి గాని ఊపిరి తిరగలేదు.

నాలుగేళ్ళ కిందట. నెలలు నిండి, ఊపిరి లేకుండా పుట్టిన ఆడపిల్ల. నేత్రావతికి చూపించలేదు. చూస్తే మనసు అక్కడే ఉండిపోతుందన్నారు. తెల్లటి తువ్వాల్లో చుట్టి మామ చేతికిచ్చారు. ఆసుపత్రి వెనకాల స్మశానంలో పెట్టొచ్చామని చెప్పారు. అప్పటి నుంచీ ఎప్పుడు ఆ దారిన బస్సులో పోయినా, ఆ పొడుగాటి గోడ రాగానే నేత్రావతి ఒళ్ళో చేతులు జోడించుకునేది. పక్కన కూర్చున్నవాళ్ళకు కనపడకుండా, కొంగు కింద. గోడ అయిపోయేదాకా.

ఇన్నాళ్ళూ ఎవరి గోడకో దండం పెట్టింది.

"మా నాయన ఇంటికి తెచ్చినాడా?" అన్నాడు ఓబులేష్. అతని గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. "నాకు కూడా చెప్పకుండా?"

"నీకు చెప్తే నీ పెండ్లానికి చెప్పకుండా ఉంటావా? తల్లికి చోటు తెలిస్తే పొద్దున లేస్తే ఆడికే పోతాది. కడుపు మళ్ళా నిలవదు అనిరి పెద్దోళ్ళు. నేనూ నమ్మితి." సొన్నమ్మ కోడలి మొహంలోకి చూడకుండా నేలకు చెబుతున్నట్టు చెప్పింది. "ఆసుపత్రి స్మశానానికి మీ నాయన ఒప్పుకోలేదు. ఎవురో తెలీనోళ్ళ మధ్యన దాన్ని ఎట్ల వదిలేస్తాము, మన మన్ను మనకుండాది కదా అనె. నన్ను గట్టు దాటి రావద్దనె. ఒక్కడే పోయె. ఆ మెరక పక్కనించి వచ్చె. పార కడుక్కునె. ఆ పొద్దు నించీ నేను అడగలేదు, ఆయన చెప్పలేదు."

"అయితే ఆ రాళ్ళు?"

"నోరు పడిపొయినాక, పోయే ముందర, చెయ్యి ఎత్తి చేను దిక్కు చూపించె. పాప పక్కన పెట్టమంటాండాడు అనుకుంటి. మెరక మీదనే పెట్టిస్తి. కానీ కుడి పక్కనుండాదో, ఎడమ పక్కనుండాదో నాకేం తెలుసు? ఒక పక్కే రాయి పెడితే అది ఇంకో పక్కనుంటే? అందుకే రెండు పెట్టినా." సొన్నమ్మ కోడలి వైపు చెయ్యి చూపింది. "సర్వే ఆయప్ప వచ్చి అడిగేటప్పుడు నీళ్ళ చెంబు పట్టుకోని ఈ పిల్ల నా పక్కనే నిలబడుండాది. పాప అని ఎట్ల చెప్పేది? నోటికొచ్చింది చెప్తి."

ఓబులేష్ గోడకు జారగిలబడి కూర్చున్నాడు. పార ఇప్పుడు అతనికి చెయ్యి చాచినంత దూరంలో ఉంది. అతను చాచలేదు.

"తవ్వితే పాప కనిపిస్తాది. చేను పోతాది," అన్నాడు. "తవ్వకుంటే ఉత్తనే పోతాది."

"పాప లేని రెండోది తవ్వుకోండి," అంది శశికళ ముక్కు చీదుకుంటూ.

"ఏది రెండోది? నువ్వు చెప్పు అక్కా, ఏది రెండోది?"

అక్క తల్లి వైపు తిరిగింది.

నేత్రావతి ఏడవలేదు. కళ్ళ ముందు చేను పరుచుకుంది. ఎక్కడెక్కడ కూర్చుని కలుపు తీసింది, ఎక్కడ కూర్చుని అన్నం తిన్నది, ఏ గట్టు మీద చెప్పులు విడిచింది. నాలుగేళ్ళుగా ఎక్కడెక్కడ అడుగు పెట్టింది.

ఆమె ఆలోచన మామ దగ్గరికి పోయింది. జానెడు నేల వదిలేవాడు కాదు. గట్టు మీద కూడా కొత్తిమీర చల్లేవాడు. మోటారు చుట్టూ పుదీనా పెట్టేవాడు. మెరక మీద కూడా, తాను పోయేదాకా, ఏటా దంటు వేసేవాడు. అదే మెరక మీద ఆయనే పార పెట్టి తిరగేసేవాడు. లోతుగా, బరువుగా, ఎక్కడా ఆగకుండా.

అటువంటి మనిషి ఒక్కచోట మాత్రం ఏమీ వేయలేదు. వేప చెట్టుకు అవతల, కంచె దగ్గరి మూల. నాలుగేళ్ళ కిందటి వరకూ అక్కడా కూర పండేది. ఆమె ఆసుపత్రి నుంచి వచ్చి, మళ్ళీ మొదటిసారి చేనులో దిగిన రోజు, మామ నీళ్ళ కాలవలో నిలబడి కేకేశాడు. "ఆ పక్కకి పోవద్దు తల్లీ. చౌడు తేలింది. కాళ్ళు పగుల్తాయి."

చౌడు తేలిన నేల తెల్లగా ఉంటుంది. ఆ మూల ఎప్పుడూ తెల్లగా లేదు. అక్కడ గరిక పచ్చగా, మెత్తగా ఉంటుంది. నేత్రావతి ఆ గరికను నాలుగేళ్ళుగా చూస్తూనే ఉంది. మామ చెప్పాడు కాబట్టి చౌడు అనుకుంది.

"తవ్వుకోండి," అంది.

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"రెండూ తవ్వుకోండి. ఎంత లోతైనా పోండి. వాటి కింద ఏమీ లేదు."

"నీకెట్ల తెలుసే?" సొన్నమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "నీకేమన్నా చెప్పినాడా ఆయన?"

"చెప్పలేదు."

"మరి?"

"ఏమీ లేదత్తా. నన్ను నమ్ము."

సొన్నమ్మ చాలాసేపు కోడలి మొహం వెతికింది. ఆమెకు ఏం దొరికిందో తెలియదు. మెల్లగా పక్కకు జరిగింది. ఓబులేష్ ఆమెను దాటి పార తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ భార్య తల మీద చెయ్యి పెట్టాడు. పెళ్ళయ్యాక ఇంతమంది ముందు అతను ఆమెను తాకడం అదే మొదలు.

"చిన్నాయనా," అని గడప దగ్గర నిలబడి పిలిచాడు. "పెద్దమనుషులకి ఫోన్ చెయ్యి. వాళ్ళు వచ్చేలోపల రాళ్ళు పెరికేస్తాం."

"అమ్మయ్య!" గురప్ప చప్పున లేచాడు. "ఈ పొద్దు నీ నాయన ఆత్మ చల్లగైతాదిరా. పట్టా వచ్చినాక నాకు ఒక దినం మటన్ పెట్టాల నువ్వు. మెత్తగా ఉడికించాల, పళ్ళు లేవు." ఈసారి శశికళ ఏడుపులోనే నవ్వింది. సొన్నమ్మ కూడా కొంగుతో కళ్ళొత్తుకుంది. ఇన్ని రోజుల తర్వాత ఆ ఇంట్లోకి గాలి వచ్చినట్టయింది.

"రాళ్ళు గట్టున పడేయద్దు," గురప్ప చెప్పులు తొడుక్కుంటూ అంటున్నాడు. "పసుపు చూస్తే ఆళ్ళకి మళ్ళా అనుమానమొస్తాది. కనపడకుండా చెయ్యాల."

"కనపడకుండానే చేస్తాం. వేపచెట్టు అవతల చౌడు మూల ఉండాది కదా," అన్నాడు ఓబులేష్. అతని గొంతు తేలికపడింది. "ఎట్లా పనికిరాని చోటు. ఆడ మనిషి లోతు గుంత తీసి, రెండు రాళ్ళూ దాంట్లో పారేసి పూడ్చేస్తాం. ముందు ఆ గుంత తీద్దాం పా. దానికే పొద్దు పడతాది."

"ఆ, అది మంచి మాట."

నేత్రావతి లేచి నిలబడింది.

పాప ఆ మూలనే ఉందని ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట చెబితే, చేనులో పాప ఉందని గురప్పకు తెలుస్తుంది. గురప్పకు తెలిస్తే మధ్యాహ్నానికి ఊరికి తెలుస్తుంది.

"యాడికే?" అంది సొన్నమ్మ.

నేత్రావతి ఆగలేదు. పార భుజాన వేసుకుని ఇంకా గురప్పతో మాట్లాడుతున్న భర్త పక్క నుంచి, వాళ్ళిద్దరి కంటే ముందు, వాకిలి దాటి చేనులోకి, వేప చెట్టు అవతలి మూలకు వెళ్ళిపోయింది.